వేడిగాలిలో చీజ్ కూరగాయల ఉండలు: హోట్గి రోడ్ వంటింట కొత్త యంత్రం

నూలు పున్నమి వచ్చిందంటే సోలాపూర్ నగరంలోని తెలుగువారి ఇళ్లు చుట్టాలతో నిండిపోతాయి. మరాఠీ ఇరుగుపొరుగువారు నారళీ పౌర్ణిమగా జరుపుకొనే ఆ శ్రావణ పౌర్ణమి నాడు పద్మశాలీలు నూతన యజ్ఞోపవీతాలు ధరిస్తారు. మార్కండేయ మహర్షి రథోత్సవం వీధులలో సాగుతుంది. సరిహద్దు గ్రామాల నుండి బస్సులలోనూ రైళ్లలోనూ వచ్చిన బంధువులకు ఫలహారం అమర్చడం ఆ ఇంటి ఆడవారికి పెద్ద పని. ఒకనాడు ఆ ఫలహారమంటే గారెలు, మిరపకాయ బజ్జీలు. నేడు హోట్గి రోడ్ వైపు నేత కార్మికుల ఇళ్లలో సైతం కొన్నింట, వంటగట్టు మీద గుడ్డు ఆకారంలో ఒక నల్లని యంత్రం కనిపిస్తున్నది. దాని పేరు ఎయిర్ ఫ్రయర్. పిల్లలు దాని నుండి కోరేది చీజ్ పెట్టిన కూరగాయల ఉండలు. అంగడి భాషలో ‘చీజ్ వెజ్ బైట్స్’.

ఊరి నుండి వచ్చిన అత్తగారు దానిని చూసి అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒక్కటే.

“గిదేంది బిడ్డా, నూనె లేకుండ ఎట్ల వేగుతది?”

“గాలితోని వేగుతది అత్తమ్మా.”

కోడలి జవాబు సగమే నిజం. ఆ మిగిలిన సగం తెలియకనే ఈ యంత్రం కొన్న ఇళ్లలో పలువురు మొదటి నెలలోనే విసిగిపోతున్నారు. బజ్జీ పిండి జాలీలో కారి అట్టలు కడుతుంది. ఉండలు పగిలి లోపలి చీజ్ అంతా అడుగుకు చేరుతుంది. పైన పొడి అంటిన చోట తెల్లగా, అంటని చోట నల్లగా కనిపిస్తుంది. అనేక వారాల కూలి వెచ్చించి తెచ్చిన వస్తువు అటక ఎక్కుతుంది. అందుచేత వంట విధానం కంటే ముందుగా ఆ యంత్రం స్వభావం తెలుసుకోవలసి ఉన్నది.

పేరులో ‘ఫ్రయర్’ అని ఉన్నప్పటికీ అది వేయించదు. అది ఒక చిన్న పొయ్యిగది. పైభాగంలో విద్యుత్తుతో ఎర్రబడే తీగచుట్ట ఒకటి, దాని మీద వేగంగా తిరిగే ఫ్యాను ఒకటి ఉంటాయి. ఫ్యాను ఆ వేడిగాలిని ఇరుకైన గదిలో సుడిగా తిప్పుతుంది. గాలి జాలీ బుట్ట కన్నాల గుండా క్రిందికి పోయి, పదార్థాన్ని అన్ని వైపులా తాకి, మరల పైకి చేరుతుంది. సాధారణ ఓవెన్‌లో గాలి నెమ్మదిగా కదలుతుంది; ఇందులో పరుగెత్తుతుంది. తేడా అంతే, కాని ఆ తేడా పెద్దది.

నేతవారికి ఈ సంగతి వివరించడం సులభం. పడుగుకు గంజి పట్టించి ఆరవేసినప్పుడు, ఎండ ఎంత ఉన్నా గాలి స్తంభించిన రోజున నూలు ఆలస్యంగా ఆరుతుంది. అదే ఎండలో గాలి వీచిందంటే గంటలో పని తీరుతుంది. తడి నూలు చుట్టూ తేమ నిండిన గాలి ఒక పొరగా పట్టి ఉంటుంది. వీచే గాలి ఆ పొరను తీసివేసి పొడిగాలిని చేరుస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఉండ మీద జరిగేది కూడా ఇదే. పైపొరలోని నీరు త్వరగా ఆవిరై పోతుంది. నీరున్నంత వరకు ఆ పొర వేడి 100 డిగ్రీల దగ్గరనే నిలిచిపోతుంది. నీరు పోయిన తరువాతనే వేడి పెరిగి, సుమారు 140 డిగ్రీలు దాటినప్పుడు పిండిలోని మాంసకృత్తులు, చక్కెరలు కలిసి ఎర్రని రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. గారె ఎర్రబడడానికి, రొట్టె మీద మచ్చలు పడడానికి కూడా కారణం ఇదే రసాయన చర్య.

అయితే నూనెకూ గాలికీ ఒక భేదమున్నది. ఓవెన్ తలుపు తీసి 180 డిగ్రీల గాలిలో చేయి క్షణకాలం ఉంచి తీయవచ్చు. అదే 180 డిగ్రీల నూనె బొట్టు పడిందంటే చర్మం బొబ్బలెక్కుతుంది. గాలి వేడిని అందించడంలో నూనె కంటే బహు బలహీనం. జారుడు పిండి నూనెలో పడగానే చుట్టూ ఒక్కసారిగా వేడి తగిలి పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే దానికి ఆకారాన్నిస్తుంది. గాలిలో ఆ పెచ్చు కట్టడానికి నిమిషాలు పడుతుంది, అంతలో పిండి కారిపోతుంది. కాబట్టి మిరపకాయ బజ్జీ, పకోడీ ఈ యంత్రానికి తగిన వంటకాలు కావు. తడిపిండి వంటలు బాణలికి, పొడి పైపూత గల వంటలు యంత్రానికి అని విభజించుకుంటే సగం చిక్కులు తీరుతాయి.

ఈ వేడిగాలి విద్య నిన్నటిది కాదు. అమెరికాలో విలియం మ్యాక్సన్ అనే ఇంజనీరు 1945 ప్రాంతంలో విమానాలలో గడ్డకట్టిన భోజనాన్ని వేడిచేయడానికి ఫ్యాను అమర్చిన చిన్న ఓవెన్‌ను తయారుచేశాడు. ‘వర్ల్‌విండ్’, అనగా సుడిగాలి, అని దాని పేరు. ఇంటి వంటగట్టుపై పెట్టుకొనే నేటి రూపాన్ని ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో విడుదల చేసింది. విమానంలో పుట్టిన పొయ్యి, సోలాపూర్ విమానాశ్రయం ఉన్న హోట్గి రోడ్‌కు వచ్చి చేరడం ఒక చిన్న విచిత్రం. అక్కడ నుండి గోవాకు విమాన సర్వీసు 2025 జూన్‌లో మొదలైంది. యంత్రం మాత్రం అంతకు ముందే వచ్చింది.

ఇక చీజ్ సంగతి. కొన్ని తెలుగు పుస్తకాలలో దీనిని ‘జున్ను’ అని వ్రాస్తున్నారు. పల్లెలో పాడి ఉన్నవారెవరూ ఈ అనువాదాన్ని ఒప్పుకోరు. జున్ను అంటే ఈనిన ఆవు లేక గేదె తొలి పాలతో వండేది. మరాఠీవారు ఖర్వస్ అంటారు, కన్నడిగులు గిణ్ణు అంటారు. చీజ్ వేరు. పాలను ఒక కిణ్వకంతో గడ్డకట్టించి, నీరు తీసి, ఉప్పు చేర్చి నిలువచేసినది చీజ్. కాబట్టి చీజ్‌ను చీజ్ అనడమే మేలు.

పనీర్ కూడా దీనికి బదులు కాజాలదు. నిమ్మరసం వంటి పులుపుతో వేడిపాలను విరిచి చేసే పనీర్ ఎంత కాచినా కరగదు, మెత్తబడుతుంది, అంతే. ఉండను విరిచినప్పుడు లోపలి నుండి తీగలా సాగాలంటే మోజరెల్లా కావాలి. సాగకపోయినా మెత్తగా, వెన్నలా కరిగితే చాలుననుకుంటే డబ్బాలలో, ఘనాలుగా దొరికే ప్రాసెస్డ్ చీజ్ చాలు. సరిహద్దు మండల కేంద్రాలలోని కిరాణా దుకాణాలలో దొరికేది సాధారణంగా ఇదే. దీనిలో కలిపే ప్రత్యేక లవణాలు కొవ్వునూ నీటినీ విడిపోనివ్వవు, అందువలన కరిగినప్పుడు నూనె తేలదు. రెండింటినీ సగం సగం కలిపితే రుచి, సాగుడు రెండూ లభిస్తాయి.

ఒక హెచ్చరిక. తక్కువ ధరకు దొరికే కొన్ని ముద్దల మీద ‘అనలాగ్’ అనే మాట సన్నని అక్షరాలలో ఉంటుంది. అది పాలకొవ్వుకు బదులుగా తాటి జాతి నూనెల వంటివి చేర్చి చేసినది. విషమేమీ కాదు, కాని పిల్లలకు పాల పోషకం అందుతున్నదని భ్రమపడి కొనవలసిన వస్తువు కాదు. శాకాహారులు ఆకుపచ్చ చుక్కను కూడా చూసుకోవాలి.

వంటకానికి వద్దాం. ఇరవై ఉండలకు మూడు మధ్యరకం ఆలుగడ్డలు, అనగా సుమారు 300 గ్రాములు కావాలి. వాటిని తొక్కతోనే ఉడికించి, నీరు వంపి, వేడి గిన్నెలో మూత లేకుండా కొంతసేపు ఉంచి ఆవిరి పోనివ్వాలి. ముక్కలుగా కోసి ఉడికిస్తే నీరు పీలుస్తాయి. ఆ నీరే తరువాత ఉండను పగులగొడుతుంది. పూర్తిగా చల్లారిన పిదప మెదపాలి. సాయంత్రం చేయదలచినవారు ఉదయమే ఉడికించి పెట్టుకొంటే ముద్ద గట్టిగా వస్తుంది.

క్యారెట్ ఒకటి, బీన్స్ నాలుగు, చిన్న క్యాప్సికం సగం, క్యాబేజీ తురుము ఒక పిడికెడు తీసుకోవాలి. మరాఠీ ఇరుగుపొరుగు ఢోబళీ మిర్చి, కోబీ అనేవి చివరి రెండూ. వీటిని గోరంత ముక్కలుగా తరగాలి. క్యాబేజీకి చిటికెడు ఉప్పు రాసి పది నిమిషాల తరువాత పిండితే నీరు ఎంత వస్తుందో చూసినవారు ఆ పని మరల మానరు. మిగిలిన ముక్కలను ఒక చిన్న చెంచా నూనెలో రెండు మూడు నిమిషాలు మగ్గించి తేమ ఆర్పాలి. పచ్చిగా కలిపితే లోపల కరకరలాడుతాయి, నీరూ వదలుతాయి.

ఈ ముక్కలను ఆలుగడ్డ ముద్దలో కలిపి, అల్లం వెల్లుల్లి నూరిన ముద్ద ఒక చెంచా, రెండు పచ్చిమిర్చి, కొత్తిమీర, పావు చెంచా జీలకర్ర పొడి, దోరగా వేయించిన జొన్నపిండి రెండు పెద్ద చెంచాలు చేర్చాలి. జొన్నపిండిని వేయించకుండా వేస్తే పచ్చివాసన వస్తుంది. ఉప్పు విషయంలో చేయి బిగించాలి, చీజ్‌లో ఉప్పు ముందే ఉన్నది. రుచికి సోలాపురీ పల్లీల కారం, మరాఠీలో శేంగా చట్నీ, ఒక చెంచా వేస్తే ఆ ఊరి ముద్ర పడుతుంది. బీడీలు చుట్టే ఇళ్లలో ముద్ద కలిపే ముందు చేతులు సబ్బుతో రెండుమార్లు కడుక్కోవాలని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. పొగాకు నుసి గోళ్ల సందులలో నిలుస్తుంది.

చీజ్ 80 గ్రాములు చాలు. ఇరవై ముక్కలు కోసి ఫ్రీజర్‌లో అరగంట ఉంచాలి. ఈ చిన్న పనిలోనే అసలు రహస్యమున్నది. చీజ్ 60 డిగ్రీల లోపే మెత్తబడడం మొదలుపెడుతుంది. పైపెచ్చు ఎర్రబడడానికి 140 దాటాలి. ఈ రెండింటి మధ్య పందెం నడుస్తుంది. చల్లని చీజ్ ఆలస్యంగా కరుగుతుంది, ఈలోగా పెచ్చు బిగుసుకుంటుంది. ప్రాసెస్డ్ చీజ్ బరువులో సగానికి కొంత తక్కువ నీరే. అది అతిగా వేడెక్కితే ఆవిరిగా మారి దారి వెతుక్కుంటుంది. ముద్దలో ఎక్కడ సన్నని బీట ఉన్నా అక్కడ నుండి చీజ్ బయటికి దూకుతుంది. కాబట్టి ముద్ద మధ్యలో ముక్కను ఉంచి మూసిన తరువాత అరచేతుల మధ్య ఒత్తుతూ, బీటలు లేకుండా, పెద్ద ఉసిరికాయ పరిమాణంలో చుట్టాలి. చేతికి నీరు గాక నూనె తడి చేసుకోవాలి.

పైపూత దగ్గర సోలాపూర్ వంటిల్లు మిగతా ఊళ్ల కంటే ఒక మెట్టు పైన ఉన్నది. అంగడి వంటల పుస్తకాలు బ్రెడ్డు పొడి వాడమంటాయి. సోలాపూర్‌లో దానికంటే మేలైనది ప్రతి వీధిలో దొరుకుతుంది. అదే కడక్ భాక్రీ, పలుచగా చేసి కరకరలాడేంతగా ఎండబెట్టిన జొన్న లేక సజ్జ రొట్టె. సోలాపూర్ చుట్టుప్రక్కల నల్లరేగడిలో యాసంగి జొన్న విస్తారంగా పండుతుంది. మంగళ్‌వేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. హైదరాబాదులోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ తన యాసంగి జొన్న కేంద్రాన్ని సోలాపూర్‌లోనే నడుపుతున్నది. ఇంత జొన్న చెంతనుండగా బ్రెడ్డు కోసం బేకరీకి పోవలసిన అవసరం లేదు. రెండు కడక్ రొట్టెలను విరిచి, మిక్సీలో రవ్వ వలె, మెత్తటి పిండి కాకుండా, ఆడించాలి. అందులో ఇంచుమించు తేమ ఉండదు గనుక గాలిలో వెంటనే కరకరలాడుతుంది. పల్లెలో కడక్ రొట్టె దొరకకపోతే మిగిలిన జొన్నరొట్టెను సన్నని సెగ మీద పెనంపై వంచినప్పుడు విరిగేంతగా ఎండబెట్టి ఆడించినా సరిపోతుంది. రాత్రి మిగిలిన రొట్టెకు ఇది మంచి గతి.

ఈ రవ్వలో ఒక చిన్న చెంచా నూనె వేసి వేళ్లతో బాగా రుద్దాలి. గాలి నూనెను పుట్టించలేదు. ఎర్రని రంగు ఇంటిలో నలుమూలలా సమంగా రావాలంటే రవ్వకు ఈ పలుచని నూనె పూత అవసరం. ‘నూనె లేని వంట’ అనే ప్రకటనను నమ్మి ఈ చెంచాడు మానినవారికి పిండి రంగు ఉండలే మిగులుతాయి. శనగపిండి మూడు చెంచాలను నీటితో మజ్జిగ వలె కలిపి, ఉండను అందులో ముంచి, కారనిచ్చి, రవ్వలో దొర్లించి, చేతితో మెల్లగా అద్దాలి. అంతటితో తొందరపడక పళ్లెంలో పరచి ఫ్రిజ్‌లో అరగంట ఉంచాలి. పూత అంటుకొంటుంది, లోపల చీజ్ మరల చల్లబడుతుంది.

యంత్రాన్ని 180 డిగ్రీలలో నాలుగు నిమిషాలు ఖాళీగా నడిపి వేడిచేసి, ఉండలను ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో పేర్చాలి. ఇరవైని ఒక్కసారే కుక్కినవారికి ఆవిరిలో ఉడికిన ఉండలు వస్తాయి, వేగినవి రావు. గాలికి సందు లేకపోతే ఈ యంత్రమంతా వ్యర్థం. ఎనిమిది నిమిషాల తరువాత తిప్పి, మరి నాలుగైదు నిమిషాలు ఉంచాలి. మొదటిసారి పదో నిమిషం నుండి తెరచి చూస్తూ ఉండడం మంచిది, ఎందుకంటే యంత్రం యంత్రానికీ వేడిలో తేడా ఉంటుంది. బంగారు రంగు రాగానే తీయాలి. ఆలుగడ్డ, ధాన్యం వంటి పిండి పదార్థాలను 120 డిగ్రీలకు మించి పొడిగా కాల్చినప్పుడు అక్రిలమైడ్ అనే అవాంఛిత పదార్థం కొంత ఏర్పడుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించారు. రంగు ముదిరిన కొద్దీ అది పెరుగుతుంది. పచ్చి ఆలుగడ్డలను ఫ్రిజ్‌లో నిలువ చేయకూడదనడానికీ కారణం ఇదే, చలిలో వాటిలోని పిండి చక్కెరగా మారి త్వరగా నల్లబడుతుంది.

తీసిన వెంటనే పిల్లల చేతికి ఇవ్వరాదు. పైన చల్లగా తోచినా లోపలి చీజ్ మండుతూ ఉంటుంది, అంగిట్లో అతుక్కొని బొబ్బ లేపుతుంది. మూడు నిమిషాలు ఆగి, ఒకదానిని విరిచి చూపి ఇవ్వాలి.

విద్యుత్తు గురించి ఎక్కువగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే నేత ఇళ్లలో అసలు అపాయం అక్కడున్నది. సాధారణ ఎయిర్ ఫ్రయర్ 1,400 నుండి 1,500 వాట్ల వరకు లాగుతుంది. మరమగ్గానికి అమర్చే ఒక హార్స్‌పవర్ మోటారు సుమారు 750 వాట్లు. అనగా వంటగట్టు మీది ఆ చిన్న గుడ్డు, ఒంటరిగా, రెండు మగ్గాల మోటార్ల భారం మోపుతుంది. ఫ్యాన్లకు, బల్బులకు అమర్చిన 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద 1,380 వాట్లకు మించి మోయరాదు. కాబట్టి దీనికి మూడు లావు రంధ్రాలున్న 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి. లావు పిన్నులను సన్న సాకెట్టులో ఇమిడ్చే మార్పిడి ప్లగ్గులు, పొడిగింపు బోర్డులు వాడితే తీగ వేడెక్కి, ప్లాస్టిక్ కరిగి, నిప్పు పుట్టవచ్చు. ప్లగ్గును చేతితో తాకి చూసి వేడిగా ఉంటే వెంటనే ఆపాలి. మగ్గాల షెడ్డు మీటరు నుండి తీగ లాగి ఇంటి వంటకు వాడుకోవడం కూడా కూడదు. ఏ పని కోసం కనెక్షన్ మంజూరైందో దానికి గాక వేరొక పనికి వాడితే 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం అనధికార వినియోగమవుతుంది. చిన్న ఉండల కోసం పెద్ద బిల్లు కట్టవలసి రావచ్చు.

రెండవ అపాయం దూది నూగు. చద్దర్లు, టవళ్లు నేసే ఇంట గాలిలో ఎప్పుడూ నూలు ధూళి తేలుతూ ఉంటుంది. కిటికీ చువ్వల మీద, సాలెగూళ్ల మీద తెల్లగా పేరుకునే ఆ నూగును అందరూ ఎరుగుదురు. ఎయిర్ ఫ్రయర్ తన చల్లదనం కోసం వెలుపలి గాలిని కూడా లోనికి పీల్చుకుంటుంది. ఆ గాలితో పాటు నూగు కూడా పోయి వేడి భాగాల దగ్గర చేరుతుంది. నూలు ఎంత త్వరగా అంటుకుంటుందో నేతవారికి వేరే చెప్పనక్కర లేదు. మగ్గం నడుస్తున్న గదిలో ఈ యంత్రాన్ని నడపరాదు. వంటగదిలోనైనా గోడకు జానెడు దూరంలో, పైన నూలు కండెలు, గుడ్డలు లేని చోట ఉంచాలి. వారానికొకసారి ప్లగ్గు తీసి, చల్లారిన తరువాత, గాలి రంధ్రాలను పొడి కుంచెతో తుడవాలి. బుట్టలో వేసే కాగితం సైతం పైన పదార్థపు బరువు లేకుండా ఉంచితే గాలికి ఎగిరి ఎర్రని తీగను తాకుతుంది. ఖాళీ యంత్రాన్ని వేడిచేసేటప్పుడు కాగితం అసలు ఉండరాదు.

ఖర్చు భయపడవలసినంత కాదు. ఇరవై ఉండలు రెండు విడతలుగా వేగడానికి యంత్రం మొత్తం అరగంట నడుస్తుంది. తీగచుట్ట మధ్య మధ్య ఆగుతుంది కనుక ముప్పావు యూనిట్ మించదు.

మరి ఆరోగ్యం? ప్రకటనలు చెప్పినంతా నిజం కాదు, అత్తగారు అనుమానించినంతా అబద్ధం కాదు. నూనెలో దేవిన ఆలుగడ్డ చిప్సు బరువులో మూడో వంతు దాకా నూనె ఉంటుంది. ఉండలు అంతగా పీల్చకపోయినా, బాణలిలో దేవితే ఇరవై ఉండలు మొత్తం కొన్ని పెద్ద చెంచాల నూనెను మింగుతాయి. యంత్రంలో చేసినప్పుడు కూరగాయలకు, రవ్వకు, చేతి తడికి కలిపి మూడు చిన్న చెంచాలు దాటదు. ఇది స్పష్టమైన లాభం. కాని అదే వంటకంలో 80 గ్రాముల చీజ్ ఉన్నది. అందులో దాదాపు నాలుగో వంతు, అనగా సుమారు 20 గ్రాములు కొవ్వే. తలుపు వద్ద ఆపిన కొవ్వు కిటికీ గుండా వచ్చినట్టు. ఉప్పు కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునంటున్నది, ఈ చీజ్ ముక్కలలోనే దానిలో సగానికి దగ్గరగా చేరవచ్చు. ఇరవై ఉండలను ఆరుగురు పంచుకుంటే చింత లేదు. రక్తపోటు ఉన్న పెద్దలకు చీజ్ లేని నాలుగు ఉండలు వేరుగా చుట్టి పక్కన పెట్టడం కోడలికి కష్టమైన పని కాదు.

ఈ యంత్రం వలన కలిగే అసలు మేలు వేరొకటున్నది, అది ప్రకటనలలో కనిపించదు. బాణలిలో దేవిన తరువాత అరలీటరు నూనె మిగులుతుంది. ధర తలచుకొని ఎవరూ పారబోయరు. మరునాడు పూరీకి, ఆ మరునాడు పాపడాలకు, చివరకు తాలింపుకు వాడుతారు. మరల మరల కాగిన నూనె చిక్కబడి, నల్లబడి, నురగ కట్టి, హానికర పదార్థాలను పెంచుకుంటుంది. వీటి పాలు నూటికి 25 దాటిన నూనెను వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. హోటళ్లలో దానిని కొలిచే పరికరాలుండవచ్చు. ఇంటిలో కన్ను, ముక్కు తప్ప కొలత లేదు. మిగులు నూనె అనేదే లేకుండా చేయడం ఈ వేడిగాలి పొయ్యి చేసే ఉపకారం. పండుగ మూడు రోజులూ ఒకే నూనెలో దేవడం అలవాటైన ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అయితే దీనికోసం యంత్రం కొనితీరాలా? వారానికి ఒక్కసారి కూడా వాడనివారు, ఇంటి తీగలు పాతబడినవారు, నలుగురికి మించి తినేవారున్నవారు కొనకపోవడమే మంచిది. పెద్ద కుటుంబానికి చిన్న బుట్టలో విడతలు విడతలుగా చేస్తే చివరివాడికి ఉండ దొరికేసరికి మొదటివాడికి మరల ఆకలి వేస్తుంది. గుంత పొంగనాల పెనం, మరాఠీవారి ఆప్పే పాత్ర, ఇంట ఉంటే చాలు. ఒక్కొక్క గుంతలో నాలుగైదు నూనె చుక్కలు వేసి, పూత పూసిన ఉండను ఉంచి, సన్నని సెగ మీద మూత లేకుండా నాలుగు నిమిషాలకొకసారి తిప్పుతూ పన్నెండు నిమిషాలు కాల్చితే ఇంచుమించు అదే కరకర, అదే రంగు వస్తాయి. మూత పెడితే ఆవిరి నిలిచి పూత మెత్తబడుతుంది. కరెంటు పోయినా ఆగని పొయ్యి అది. నిజానికి పూత సమంగా ఎర్రబడడంలో యంత్రానిది పై చేయి, రుచిలో ఇనుప పెనానిది పై చేయి.

పండుగ ముగిసి ఊరికి తిరిగిపోయే చుట్టాలకు ఈ ఉండలు మూటగట్టి ఇవ్వాలని కొందరికి ఉబలాటం. ఆ పని చేయరాదు. ఉడికిన ఆలుగడ్డ, చీజ్ రెండూ బయటి వేడిలో రెండు గంటలకు మించి నిలువ ఉండదగినవి కావు. హైదరాబాదు దారిలో మూడు వందల కిలోమీటర్ల బస్సు ప్రయాణం వాటికి సరిపడదు. చుట్టి పూత పూసిన పచ్చి ఉండలను ఫ్రీజర్‌లో గట్టిపరచి నెల వరకు దాచుకోవచ్చు, కరిగించకుండానే 170 డిగ్రీలలో మరి నాలుగు నిమిషాలు అదనంగా ఉంచి కాల్చుకోవచ్చు, కాని అవి ఇల్లు దాటరాదు. ఊరికి పంపవలసినవి వేరు: ఒక డజను కడక్ రొట్టెలు, అరకిలో పల్లీల కారం, డబ్బాలో ఆడించిన రొట్టె రవ్వ. నెల రోజులైనా చెడవు. చీజ్‌ను ఊరి దగ్గరి పట్నంలోనే, ఫ్రిజ్ నడుస్తున్న దుకాణంలో, వండే రోజున కొనుక్కోవాలి.